సీటు ఉచితం, సర్టిఫికెట్ తాకట్టు

గత ఏడాది ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ జరుగుతున్న రోజుల్లో ఒక తండ్రీ కూతురూ విశ్వవిద్యాలయంలోని నా గదికి వచ్చారు. ఆయన వ్యవసాయ కూలీ, మాదిగ. ఆ ఇంట్లో ఇంటర్ దాటిన మొదటి బిడ్డ ఆ అమ్మాయి. వారి చేతిలోని కాగితంపై రెండు కళాశాలల పేర్లున్నాయి. ఒకటి విశ్వవిద్యాలయ కళాశాల, అందులో ఆమె ర్యాంకుకు సివిల్ సీటు వచ్చే అవకాశం ఉంది. రెండోది హైదరాబాద్ శివార్లలోని ప్రైవేటు కళాశాల, అక్కడ ఆమె కోరుకున్న కంప్యూటర్ సైన్స్ దొరుకుతుంది. "రెండిట్ల ఏదైనా ఫీజు సర్కారే కడ్తదంట గద సార్. అసొంటప్పుడు పట్నం కాలేజే మంచిది గదా?" అని ఆ తండ్రి అడిగారు.

ప్రశ్న సహేతుకమైనదే. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కన్వీనర్ కోటాలో పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. కానీ ఫీజు లేకపోవడం వేరు, ఖర్చు లేకపోవడం వేరు. ముగ్గురం కూర్చుని లెక్క వేశాం. నగరంలో ప్రైవేటు హాస్టల్, బస్సు, పరీక్ష ఫీజులు, ప్రత్యేక ఫీజుల పేరిట వసూళ్లు కలిపితే ఏడాదికి లక్ష దాటింది. విశ్వవిద్యాలయ హాస్టల్లో ఉంటే నెలకు రూ.2,100 మెస్ ఛార్జీ ప్రభుత్వం ఇస్తుంది, మిగిలిన ఖర్చంతా కలిపినా పాతికవేలకు మించలేదు. నాలుగేళ్లకు తేడా మూడు లక్షలు. ఆ కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు.

బీసీ కుటుంబాలకు ఈ లెక్క మరో రకంగా ఎదురవుతుంది. తెలంగాణలో ఎప్‌సెట్‌లో పదివేల లోపు ర్యాంకు రాని బీసీ విద్యార్థికి సాధారణంగా ప్రభుత్వం చెల్లించేది గరిష్ఠంగా రూ.35 వేలే. లక్ష రూపాయల ఫీజున్న కళాశాలలో మిగతా రూ.65 వేలు ప్రతి ఏటా తల్లిదండ్రులే భరించాలి.

అసలు చిక్కు కాగితం మీది మొత్తంలో లేదు, అది చేతికందే సమయంలో ఉంది. స్కాలర్‌షిప్ ఎంత అని అందరూ అడుగుతారు. ఎప్పుడు వస్తుంది, రాకపోతే అంతవరకు ఎవరు కట్టాలి అని ఎవరూ చెప్పరు. బకాయిలు పేరుకుపోయి 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలే బంద్ పాటించాయి. ప్రభుత్వానికీ యాజమాన్యాలకూ నడుమ తెగని ఈ పంచాయితీలో చివరకు తాకట్టు పడేది విద్యార్థి సర్టిఫికెట్.

ఇది నాకు అనుభవం. డిగ్రీ పూర్తయిన ఏడాది నా స్కాలర్‌షిప్ రాలేదని కళాశాల టీసీ ఇవ్వలేదు. పీజీ ప్రవేశాల గడువు దగ్గరపడుతోంది. అమ్మ రెండు మేకలను అమ్మి ఆ డబ్బు కట్టింది. కొన్ని నెలలకు స్కాలర్‌షిప్ వచ్చింది, మేకలు మాత్రం రాలేదు.

అంబేడ్కర్ సైతం దీనికి మినహాయింపు కాలేదు. 1913లో బరోడా సంస్థాన స్కాలర్‌షిప్‌తో కొలంబియా వెళ్లిన ఆయన, దాని గడువు తీరడంతో 1917లో లండన్ చదువును మధ్యలో వదిలి రావలసి వచ్చింది. కూడబెట్టుకున్న డబ్బుతో, అప్పుతో 1920లో మళ్లీ వెళ్లి పూర్తిచేశారు. ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలి సభ్యుడిగా ఉన్న కాలంలోనే, 1944లో, ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. ఎనభై ఏళ్లు దాటాయి. 2024లో ధన్‌బాద్ ఐఐటీలో సీటు వచ్చిన ఒక దళిత దినకూలీ కుమారుడు రూ.17,500 గడువులోగా కట్టలేక సీటు పోగొట్టుకున్నాడు. దాన్ని తిరిగి ఇప్పించడానికి సుప్రీంకోర్టు తన ప్రత్యేకాధికారాన్ని ఉపయోగించాల్సి వచ్చింది. ప్రతి విద్యార్థీ సుప్రీంకోర్టు దాకా వెళ్లగలడా?

ఆలస్యం అందరినీ ఒకేలా తాకదు. భూమి, ఉద్యోగం, బంధుబలం ఉన్న కులాల కుటుంబం ఏడాది ఆగగలదు. కూలి మీద బతికే కుటుంబం నెల కూడా ఆగలేదు. అందువల్ల నిధుల జాప్యాన్ని కేవలం పరిపాలనా లోపంగా చూడలేం. ఫలితంలో అది కుల వివక్షే.

తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. కళాశాల ఎంచుకునే ముందు నాలుగేళ్ల మొత్తం ఖర్చు రాసుకోండి. అక్కడి పాత విద్యార్థులను కలిసి, రీయింబర్స్‌మెంట్ ఆగినప్పుడు యాజమాన్యం ఏం చేసిందో అడగండి. ప్రభుత్వం చేయవలసినది ఇంతకన్నా పెద్దది. ప్రతి త్రైమాసికంలో నిధులు విడుదల చేయాలి. మూల ధ్రువపత్రాలను అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే నిర్దేశించింది. ఆ నిబంధనను ఉల్లంఘించే కళాశాలలపై చర్య తీసుకోవాలి. విశ్వవిద్యాలయ కళాశాలల్లో డిమాండున్న కోర్సుల సీట్లు పెంచి, హాస్టళ్లు కట్టాలి.

ఆ రోజు లెక్క చూశాక తండ్రి ఊపిరి పీల్చుకున్నారు. అమ్మాయి మాత్రం కాగితం వైపే చూస్తూ, "నాకిష్టమైన కోర్సు అక్కడ ఉంది గద సార్" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఆమె సివిల్‌లో చేరింది, బాగానే చదువుతోంది. కానీ ఆమె కోర్సును నిర్ణయించింది ర్యాంకూ కాదు, ఇష్టమూ కాదు. సమయానికి వస్తుందన్న నమ్మకం లేని స్కాలర్‌షిప్.