రికార్డులో 9.80

మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్ రికార్డులో గురుత్వ త్వరణం 9.80 అని రాశాను. అది నాకు వచ్చిన విలువ కాదు. జవాబు ముందు వేసుకుని, దానికి తగ్గ కాలాలు వెనకనుంచి లెక్కగట్టి పట్టికలో నింపాను. ఈ విద్య ఎరుగని మిత్రులెవరైనా వుంటే వారికి నా నమస్కారం!

మాది అనకాపల్లి దగ్గర చెరకు పండించే ఇల్లు. బెల్లం దిమ్మలు మార్కెట్టుకు తోలేముందు ఇంటి దగ్గర పాత త్రాసులో తూస్తాం. నాన్న ప్రతిసారీ ముందు ఉత్త త్రాసు ఎత్తి చూస్తాడు. రాళ్ల పళ్లెం అడుగున ఎండిన పాకం అంటుకుని వుంటే, పదిసార్లు తూచినా పదిసార్లూ దిమ్మ తక్కువే తూగుతుంది. గాలికి ముల్లు అటూ ఇటూ ఊగడం వేరు, ఇది వేరు. మొదటిది యాదృచ్ఛిక దోషం, రెండోది క్రమ దోషం. పరీక్షకి బట్టీపట్టిన ఈ మాటలు నాకు అర్థమైంది ఆ త్రాసు దగ్గరే.

దసరా సెలవుల్లో ఆ ప్రయోగం మళ్లీ చేశాను. మేడమీంచి, సరిగ్గా 6 మీటర్ల ఎత్తునుంచి, బేరింగులోని ఇనప గుండుని కిందనున్న రేకు మీదకి వదిలాను. ఒక చేత్తో గుండు వదులుతూనే రెండో చేత్తో స్టాప్‌వాచీ నొక్కడం, చప్పుడు వినగానే మళ్లీ నొక్కడం. ఇరవైసార్లు చేస్తే కాలం 1.14 నుంచి 1.30 సెకన్ల దాకా ఊగింది. సగటు 1.22. ఎత్తుకి రెట్టింపుని కాలం వర్గంతో భాగిస్తే త్వరణం 8.1! మా ఊళ్లో భూమికి నీరసం వచ్చిందా అనుకున్నాను.

ఇరవైని రెండువందలు చేసినా ఇది బాగుపడదు. ఊగడం సగటులో సర్దుకుంటుంది గాని, చప్పుడు విన్నాక వేలు కదలడానికి పట్టే ఆలస్యం ప్రతిసారీ కాలాన్ని పెంచుతూనే వుంటుంది. పాకం ముద్ద అదే.

అందుకని 3 మీటర్ల నుంచి కూడా ఇరవైసార్లు వదిలాను. సగటు 0.88. ధ్వని పైకి రావడానికి పట్టే 0.02, 0.01 సెకన్లు తీసేస్తే మిగిలినవి 1.20, 0.87. వేలి ఆలస్యం రెండింటిలోనూ ఒకటే గనుక, తీసివేతలో పోతుంది. తేడా 0.33 సెకను. రెట్టింపు ఎత్తుల వర్గమూలాల తేడా 1.015. దీన్ని 0.33తో భాగించి వర్గం చేస్తే 9.5. కాని ఆ 0.33లోనే 4 శాతం సందేహముంది. వర్గం చేసేసరికి అది 8 శాతమవుతుంది. కాబట్టి నా జవాబు 9.5, అటూ ఇటూ 0.8.

"ఆ 0.8 ఏటి?" అన్నాడు నాన్న. చెప్పాను. "అయితే ముల్లు ఎంత ఊగిందో కూడా రాసేవన్నమాట" అన్నాడు.

ఇంకో తమాషా. 1901లో అంతర్జాతీయంగా ప్రమాణంగా తీసుకున్న విలువ 9.80665. కాని భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83. అక్షాంశాన్ని బట్టి లెక్కగడితే అనకాపల్లిలో సుమారు 9.785 వుండాలి. అంటే నేను దొంగలెక్కతో తెచ్చిన 9.80 మా నేలకి సరిపోయే అంకె కూడా కాదు!

సంక్రాంతికి మీటరు పొడుగు లోలకం కడదామనుకుంటున్నాను. వంద డోలనాలకి రెండు వందల సెకన్లు పడతాయి. వాచీ మాత్రం రెండుసార్లే నొక్కాలి.