డెబ్బై ఎనిమిది సీట్ల లెక్క

మొయినాబాద్ మండలం చిన్న మంగళారం నుంచి తిరుపతి ప్రయాణం పెట్టుకున్న కుటుంబానికి ముందుగా ఎదురయ్యే చిక్కు సికింద్రాబాద్ చేరడం. తిరుపతికి వందే భారత్ రైలు 2023 ఏప్రిల్ నుంచి నడుస్తోంది. బండి మంచిదే. కానీ అది పొద్దున్నే సికింద్రాబాద్‌లో కదులుతుంది. దాన్ని అందుకోవాలంటే ఈ ఊరివాళ్లు తెల్లారకముందే లేచి నగరమంతా అడ్డంగా దాటాలి. శంషాబాద్ అయితే ఆ బాధ లేదు. అప్పా జంక్షన్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే గంటలోపే విమానాశ్రయం. పైగా ఆ విమానాశ్రయం వీళ్ల చేవెళ్ల లోక్‌సభ నియోజకవర్గంలోనే ఉంది. పెద్ద రైల్వేస్టేషన్ కంటే విమానాశ్రయం చేరడమే తేలికైన పల్లెలు దేశంలో అరుదు. చేవెళ్ల, మొయినాబాద్ వైపు అలాంటివి చాలానే ఉన్నాయి.

టికెట్ కొన్నాక అసలు సంగతి మొదలవుతుంది. తిరుపతి వెళ్లే విమానం ఎయిర్‌బస్ కావచ్చు, ఏటీఆర్ కావచ్చు. మొదటిది 180కి పైగా సీట్ల జెట్. రెండోది బయటికి కనిపించే పంకాలతో నడిచే 78 సీట్ల విమానం. మెట్ల దగ్గరికి వెళ్లి ఆ పంకాలను చూడగానే చాలామంది మొహం మాడ్చుకుంటారు. పాత విమానం అంటగట్టారని అనుమానం.

ఆ అనుమానం తప్పు. ఇండిగో నడిపే ఏటీఆర్ 72-600లన్నీ 2017 చివరి నుంచి వచ్చినవే. ఆ సంస్థ తొలి ఏటీఆర్ సర్వీసు 2017 డిసెంబర్ 21న మొదలైంది శంషాబాద్ నుంచే. ఆ పంకాలను తిప్పేదీ జెట్ జాతి ఇంజినే. అందుకే దీన్ని టర్బోప్రాప్ అంటారు. ఎయిర్‌బస్ గరుడ బస్సయితే ఏటీఆర్ పల్లెవెలుగు: చిన్న రన్‌వేల మీద దిగడానికి, తక్కువ దూరం తిరగడానికి, తక్కువ ఇంధనం తాగడానికి పుట్టింది. వేగం గంటకు 500 కిలోమీటర్ల చిల్లర. జెట్‌తో పోలిస్తే తక్కువే. అయినా తిరుపతి లాంటి దగ్గరి ఊరికి ఆ తేడా పది పదిహేను నిమిషాలు మించదు. విమానం పైకెక్కడానికి, కిందికి దిగడానికే సగం సమయం పోయేచోట జెట్ వేగం చూపించడానికి చోటెక్కడ?

మరి 78 సీట్లే ఎందుకు? ఇదే విమానంలో అలయన్స్ ఎయిర్ 70 సీట్లు వేసింది. హైదరాబాద్ సంస్థ ట్రూజెట్ దీని ముందు తరం 72-500లో 72 వేసింది. విమానం పొడవు మారలేదు, వరుసకు నాలుగు సీట్లూ మారలేదు. 70 నుంచి 78కి వెళ్లడమంటే రెండు వరుసలు అదనంగా దూర్చడం. ఆ రెండు వరుసలకు కావలసిన చోటు ప్రయాణికుల మోకాళ్ల ముందు నుంచే వస్తుంది. ఇక 78 దాటకపోవడానికి విమానం కొలతలతో పాటు ఇంకో కారణమూ ఉంది. మన దేశంలో 80 సీట్ల లోపు విమానాలకు ల్యాండింగ్ చార్జీ ఉండదని చాలాకాలంగా ఒక నిబంధన నడుస్తోంది. 40 టన్నుల లోపు బరువున్న విమానాల ఇంధనం మీద అమ్మకం పన్నూ తక్కువే. అందుకే మన చిన్న మార్గాల విమానాల సీట్లు వరసపెట్టి చూస్తే 70, 72, 76, 78 అనే అంకెలే తిరిగి తిరిగి కనిపిస్తాయి. ప్రయాణికుడి మోకాలికి, ప్రభుత్వ సుంకాల పట్టికకు ఇంత దగ్గరి చుట్టరికం ఉంది.

అమెరికాలో చదువుకునే మన పిల్లలకూ ఇలాంటి అంకె ఒకటి తెలియకుండానే పరిచయం. పెద్ద ఊళ్ల నుంచి చిన్న ఊళ్లకు వాళ్లు ఎక్కే ఎంబ్రేయర్ 175లో ఎక్కువగా ఉండేవి 76 సీట్లు. అక్కడ దానికి కారణం సుంకం కాదు, పైలట్ల సంఘాలు. అంతకంటే పెద్ద విమానాలను తక్కువ జీతాలిచ్చే అనుబంధ సంస్థలకు అప్పగించకూడదని పెద్ద సంస్థలతో ఒప్పందం రాయించుకున్నాయి. 2023లో అదే ఎంబ్రేయర్ 175ను స్టార్ ఎయిర్ మన దేశంలోకి తెచ్చింది. సీట్లు 76, అందులో 12 బిజినెస్ క్లాసు. రెండు దేశాలు, ఒకే అంకె.

సుఖం సంగతికొస్తే, ఏటీఆర్‌లో మధ్య సీటు ఉండదు. ఇటు రెండు, అటు రెండు. భార్యాభర్తల పక్కన మూడో మనిషి ఇరుక్కోడు. రెక్క నెత్తిమీద ఉంటుంది కాబట్టి కిటికీలోంచి కిందికి చూపు అడ్డం లేదు. వానాకాలం తర్వాత నల్లమల మీదుగా వెళ్లేటప్పుడు ఆ సీటుకు ఎంత డబ్బిచ్చినా తక్కువే. నష్టాలూ ఉన్నాయి. తల మీది అరలు చిన్నవి, చక్రాల సూట్‌కేసు అందులో పట్టడం కష్టం. ఇది ఎక్కువలో ఎక్కువ 25,000 అడుగుల ఎత్తులో ఎగురుతుంది. అందువల్ల జెట్ పైనుంచి దాటిపోయే మబ్బుల్లోంచి దీనికి వెళ్లక తప్పదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ప్రయాణం చేసినవాళ్లకు ఆ కుదుపులు గుర్తుంటాయి. ఇక మోత. పంకాలు తిరిగేది విమానం ముందు సగంలో కాబట్టి హోరు, అదురు అక్కడే ఎక్కువ. జెట్‌లో ముందు సీటు గొప్ప అనుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఏటీఆర్‌లో ప్రయాణికుల తలుపు వెనకాల ఉంటుంది, సామాను ముందు భాగంలో పెడతారు. వెనక వరుసల్లో కూర్చున్నవాళ్లే ముందు దిగుతారు, తక్కువ మోత వింటారు. ముందు వరుసకు అదనంగా డబ్బు కట్టేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించుకోవాలి.

ఈ మోత తక్కువగా ఉండే విమానాలు ఒకప్పుడు హైదరాబాద్ నుంచే ఎగిరాయి. 2011లో స్పైస్‌జెట్ కెనడాలో తయారైన క్యూ400 విమానాలను తెచ్చి శంషాబాద్‌ను స్థావరం చేసుకుంది. అవీ 78 సీట్ల పంకాల విమానాలే. కానీ ఏటీఆర్ కంటే బాగా వేగం, లోపల అదురును అణిచే ఏర్పాటు ప్రత్యేకం. విమానం పేరులోని క్యూ అక్షరం నిశ్శబ్దాన్ని సూచిస్తుంది. వేగానికి తగ్గట్టు ఇంధనమూ ఎక్కువే తాగుతుంది. మన దగ్గర చివరికి నెగ్గింది నిదానంగా వెళ్లి తక్కువ తాగే ఏటీఆరే.

అంతకుముందు తెలుగు నేల మీద చిన్న మార్గాల కథ చాలా మలుపులు తిరిగింది. 1945లో నిజాం రాజ్యంలో పుట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ హైదరాబాద్‌లోని బేగంపేట నుంచి డకోటా విమానాలు నడిపింది. 1953 జాతీయకరణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 1980ల్లో ప్రభుత్వ సంస్థ వాయుదూత్ రాజమండ్రికి, రామగుండం దగ్గరి బసంత్‌నగర్‌కు కూడా రెక్కలు తొడిగింది. దాని డోర్నియర్ విమానంలో 19 మందికే చోటు. లోపల గాలి పీడనాన్ని నిలిపే ఏర్పాటు లేదు. చెవులు గింగిర్లెత్తించే ప్రయాణం. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ దక్కన్ వచ్చింది. సూర్య నటించిన 'ఆకాశం నీ హద్దురా' ఆయన కథ ఆధారంగా తీసిందే. ఆ ఏడాది సెప్టెంబర్‌లో హైదరాబాద్–విజయవాడ సర్వీసు మొదటి రోజే బేగంపేటలో విమానం ఇంజిన్ నుంచి మంటలు లేచాయి. లోపల ఎం.వెంకయ్య నాయుడు, అప్పటి పౌర విమానయాన మంత్రి రాజీవ్ ప్రతాప్ రూడీ ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. అంత చెడ్డ శకునం తర్వాత కూడా సంస్థ నిలదొక్కుకుని, దేశానికి చౌక విమానాన్ని అలవాటు చేసింది.

ఆ తర్వాత వచ్చిన తెలుగువాళ్ల సంస్థల్లో చెప్పుకోవాల్సినవి రెండు. విజయవాడకు చెందిన ఎల్‌ఈపీఎల్ గ్రూపు ఎయిర్ కోస్టా 2013 అక్టోబర్‌లో ఎగిరింది. ఏటీఆర్‌ల జోలికి పోకుండా బ్రెజిల్ ఎంబ్రేయర్ జెట్లు ఎంచుకుంది. మధ్య సీటు ఉండదు, పంకాల హోరూ ఉండదు. ప్రయాణికుల కోణంలో చూస్తే మన చిన్న మార్గాల్లో అంత హాయైన విమానాలు అరుదనే చెప్పాలి. పాతికేళ్లకు సరిపడే ధీమాతో 2014 సింగపూర్ ఎయిర్‌షోలో కొత్త తరం ఎంబ్రేయర్లు 50 కావాలని ఆర్డరిచ్చింది. అందులో ఒక్కటీ రాలేదు. 2017 ఫిబ్రవరి 28న ఉన్న విమానాలూ నేల మీదే ఆగిపోయాయి. విమానాలు అద్దెకిచ్చినవాళ్లకు బాకీలు పేరుకుపోయాయి. హాయైన సీటు ఒక్కటే సంస్థను బతికించలేదు.

రెండోది ట్రూజెట్. నటుడు రామ్‌చరణ్ ప్రచారంతో, ఏటీఆర్‌లతో 2015 జూలై 12న హైదరాబాద్–తిరుపతి సర్వీసు ప్రారంభించింది. గోదావరి పుష్కరాలకు అప్పటికి రెండు రోజులే ఉంది. రెండేళ్లకు ఉడాన్ పథకం వచ్చింది. 2017 ఏప్రిల్ 27న పథకం తొలి సర్వీసులు మొదలైనప్పుడు సిమ్లా–ఢిల్లీతో పాటు హైదరాబాద్–కడప, హైదరాబాద్–నాందేడ్ కూడా ఉన్నాయి. ఆ రెండూ ట్రూజెట్‌వే. గంట ప్రయాణానికి 2,500 రూపాయలు మించకూడదని సీట్లలో సగానికి పరిమితి పెట్టారు. నష్టాన్ని ప్రభుత్వం భర్తీ చేస్తుంది, మూడేళ్లపాటు ఆ మార్గంలో వేరే సంస్థ రాదు. ఆ విమానాశ్రయాల్లో ఇంధనంపై రాష్ట్రాలు వ్యాట్‌ను 1 శాతానికి తగ్గించాయి. కడప నుంచి హైదరాబాద్‌కు రాత్రంతా బస్సులో వచ్చేవాళ్లకు అది నిజంగా పెద్ద మార్పు.

ఆ మూడేళ్ల రక్షణ గడువు తీరింది, కరోనా వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ ఆగింది. మరుసటి నెలలోనే ఇండిగో కడపకు ఏటీఆర్‌లు దించింది. చిన్న సంస్థ దారి వేస్తే పెద్ద సంస్థ నడిచింది అనుకోవచ్చు. కడపవాళ్లకు మాత్రం విమానం ఆగిపోకపోవడమే ముఖ్యం, తోకమీద ఎవరి పేరుంటే వారికేం?

కానీ తోకల మీద దాదాపు ఒకే పేరు మిగిలినప్పుడు ఏమవుతుందో 2025 డిసెంబర్ చూపించింది. పైలట్ల విశ్రాంతి వేళల కొత్త నిబంధనలకు ఇండిగో సిద్ధపడలేదు. దేశమంతా వేల సర్వీసులు రద్దయ్యాయి, శంషాబాద్‌లో జనం సామానుతో పడిగాపులు పడ్డారు. దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా మోసే సంస్థ కాళ్లు తడబడితే పక్కన ఎక్కడానికి సీట్లే లేవు. ఉన్నవాటి ధర ఆకాశానికి ఎగబాకింది. పౌర విమానయాన మంత్రి శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు. ఆయన శాఖ డిసెంబర్ 6న చార్జీలకు తాత్కాలికంగా గరిష్ఠ పరిమితి విధించింది. 500 కిలోమీటర్ల లోపు దూరానికి పన్నులు కాక 7,500 రూపాయలు. 2017లో ఉడాన్ పెట్టిన పరిమితికి అది సరిగ్గా మూడింతలు.

పోటీ పూర్తిగా లేదనడానికి వీల్లేదు. గోవా సంస్థ ఫ్లై91 2024 మార్చిలో ఏటీఆర్‌లతో మొదలై హైదరాబాద్‌ను గోవాతోను, సింధుదుర్గ్‌తోను కలిపింది. నాందేడ్ మార్గంలోకి స్టార్ ఎయిర్ వచ్చింది. మరో పక్క రద్దీ పెరిగిన ఊళ్లలో ఏటీఆర్ పక్కన ఎయిర్‌బస్ దిగుతోంది. 2024 డిసెంబర్ నుంచి రాజమండ్రి జనం ముంబైకి, ఢిల్లీకి నేరుగా ఎయిర్‌బస్‌లోనే వెళ్తున్నారు. అంతకుముందు వాళ్లు హైదరాబాద్ వరకు ఏటీఆర్‌లో వచ్చి శంషాబాద్‌లో మారేవారు. గోదావరి జిల్లాలవాళ్లకు ఒక పూట కలిసొచ్చింది, మధ్య సీటు కూడా వెంటబెట్టుకుని.

తెలంగాణలో మాత్రం సర్వీసులు నడిచే విమానాశ్రయం ఇప్పటికీ శంషాబాద్ ఒక్కటే. అక్కడికి 150 కిలోమీటర్లలోపు మరొకటి రాకూడదని శంషాబాద్‌ను నడిపే జీఎంఆర్‌తో కుదిరిన ఒప్పందం వరంగల్ దగ్గరి నిజాం కాలపు మామునూరు విమానాశ్రయానికి చాలాకాలం అడ్డం నిలిచింది. జీఎంఆర్ అభ్యంతరం లేదన్నాక 2025లో కేంద్రం వరంగల్‌కు పచ్చజెండా ఊపింది. పాత రన్‌వే చిన్నది. ఎయిర్‌బస్ దిగేలా పొడిగించడానికి రాష్ట్రం మరో 253 ఎకరాలు సేకరించే పనిలో పడింది. ఏటీఆర్‌కైతే అంత పొడవు అక్కర్లేదు. అయినా వరంగల్‌లో ఎవరిని కదిపినా అడుగుతున్నది ఎయిర్‌బస్సే.