కుందేళ్ళ మాతృ ప్రవర్తన

ఆడ కుందేలు చూడి నిలిచినది మొదలు పిల్లలు పాలు మానే వరకు చేసే పనులను, అనగా గొయ్యి తవ్వడం, గడ్డి మోయడం, ఒంటి బొచ్చు పీకి పరచడం, పాలివ్వడం, గూడును కాపాడుకోవడం వంటి వాటిని కలిపి కుందేళ్ళ మాతృ ప్రవర్తన అంటారు. పెంపుడు కుందేళ్ళన్నీ ఐరోపా కుందేలు (శాస్త్రీయ నామం: ఒరిక్టోలాగస్ క్యునిక్యులస్) అనే ఒకే జాతికి చెందినవి. ఈ జాతి తల్లి సాధారణంగా రోజుకు మూడు, నాలుగు నిమిషాలు మాత్రమే పిల్లల దగ్గర గడుపుతుంది. మిగిలిన సమయమంతా వాటికి దూరంగా ఉంటుంది. పిల్ల గూటి నుండి బయట పడితే పిల్లి వలె, ఎలుక వలె నోట కరచుకొని లోపలికి తీసుకురాదు. ఇది చూసినవారికి కుందేలుకు తల్లి ప్రేమ తక్కువ అనిపించడం సహజం. నిజానికి ఈ తల్లి శ్రద్ధ అంతా గూటి మీద ఉంటుంది. గూటిలో ఉన్నదేదో అది తన బిడ్డ. ఒకే ఆవరణలో పలు ఆడ కుందేళ్ళను మందగా పెంచినప్పుడు తలెత్తే తగాదాలకు, పిల్లల మరణాలకు మూలం చాలావరకు ఇక్కడే ఉంది.

పేరుతో వచ్చే చిక్కు

తెలుగులో కుందేలు అనే మాట రెండు వేరు వేరు జంతువులకు వాడుకలో ఉంది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ పొలాలలోను, చిట్టడవులలోను కనిపించే చెవులపిల్లి (లెపస్ నైగ్రికోలిస్) బొరియ తవ్వదు. దాని పిల్లలు ఒంటి నిండా బొచ్చుతో, కళ్ళు తెరచుకొని పుడతాయి. గడ్డి దుబ్బుల చాటున కదలకుండా పడి ఉంటాయి. పంచతంత్ర కథలలో సింహాన్ని బావిలో దూకించిన కుందేలు ఈ తరహా జంతువే కాని, ఇప్పుడు పంజరాలలో పెంచే తెల్ల కుందేలు కాదు. పెంపుడు కుందేలు పిల్లలు అందుకు పూర్తిగా భిన్నంగా గుడ్డివిగా, చెవిటివిగా, ఒంటిపై బొచ్చు లేకుండా పుడతాయి. గూడు లేకపోతే అవి బతకవు. ఈ వ్యాసంలోని విషయమంతా ఈ రెండవ జంతువు గురించి. చెవులపిల్లి భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) కింద రక్షణ పొందిన జంతువు కనుక దానిని పట్టి పెంచడం నేరం.

అడవిలో బొరియల ఊరు

ఐరోపా కుందేలు పుట్టినిల్లు స్పెయిన్, పోర్చుగల్ దేశాలున్న ఐబీరియా ద్వీపకల్పం. కొన్ని ఆడ కుందేళ్ళు, కొన్ని మగ కుందేళ్ళు కలిసి ఒక గుంపుగా ఏర్పడి, పలు ద్వారాలున్న బొరియల సముదాయంలో నివసిస్తాయి. తవ్వే పని ఎక్కువగా ఆడవే చేస్తాయి. గుంపులో ఆడవాటికొక వరుస, మగవాటికొక వరుస ఉంటుంది. పై స్థానంలో ఉన్న ఆడ కుందేలు ప్రధాన బొరియ లోపల, భద్రమైన చోట ఈనుతుంది. కింది స్థానంలోని వాటికి అక్కడ చోటు దక్కదు. అవి దూరంగా వెళ్ళి ఒకే ద్వారం గల చిన్న కలుగు తవ్వుకొని అందులో పిల్లలను పెడతాయి. ఇటువంటి కలుగులను నక్కల వంటి జంతువులు తవ్వి పిల్లలను తినివేయడం, వాననీరు చేరడం సులభం. కనుక తల్లి హోదా పిల్లల ప్రాణాలను నేరుగా తాకే విషయం.

ఈ వివరాలు పంజరాలలో తెలియరాలేదు. 1859లో థామస్ ఆస్టిన్ అనే ఆసామి ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో వేట సరదా కోసం కొన్ని కుందేళ్ళను వదలిన తరువాత అవి ఆ ఖండానికే చీడగా మారాయి. వాటి పెరుగుదలను అర్థం చేసుకొనే ప్రయత్నంలో భాగంగా రోమన్ మికిటోవిచ్ అనే శాస్త్రవేత్త ఇరవయ్యవ శతాబ్దం మధ్య భాగంలో కంచె వేసిన ఆవరణలలో కుందేళ్ళ గుంపులను ఏళ్ళ తరబడి గమనించాడు. గడ్డం కింద గ్రంథి స్రావంతోను, మూత్రంతోను అవి తమ నేలను, తమ గుంపు సభ్యులను ఎలా గుర్తు పెడతాయో వివరించాడు. బ్రిటన్‌లో ఆర్. ఎం. లాక్లీ ఇటువంటి పరిశీలనలనే 1964లో పుస్తకంగా వెలువరించాడు. రిచర్డ్ ఆడమ్స్ 1972లో రాసిన 'వాటర్‌షిప్ డౌన్' నవలకు ఈ పుస్తకమే ఆధారమైంది.

గూడు కట్టే క్రమం

కుందేలు చూడి కాలం సుమారు 30 నుండి 32 రోజులు. గూడు పని మూడు దశలలో జరుగుతుంది, ఒక్కొక్క దశను ఒక్కొక్క హార్మోను మార్పు నడిపిస్తుంది. చూడి సగమైన తరువాత రక్తంలో ఈస్ట్రడయోల్, ప్రొజెస్టిరాన్ రెండూ ఉన్న దశలో తల్లి తవ్వడం మొదలు పెడుతుంది. ఈనే రోజు దగ్గర పడగా ప్రొజెస్టిరాన్ తగ్గుతుంది. తవ్వడం ఆగి, నోటితో ఎండుగడ్డి మోయడం మొదలవుతుంది. చివరి ఒకటి రెండు రోజులలో ప్రొలాక్టిన్ పెరుగుతుంది, రొమ్ము మీద, పొట్ట మీద బొచ్చు వదులవుతుంది. తల్లి దానిని పీకి గడ్డి గిన్నెలో మెత్తగా పరుస్తుంది. ఈ పనితో చనుమొనలు కూడా బయటపడతాయి. మెక్సికోలోని ట్లాష్కాలాలో గాబ్రియేలా గొన్సాలెస్-మరిస్కాల్, ఆమె సహచరులు అండాశయాలు తీసివేసిన ఆడ కుందేళ్ళకు ఈ హార్మోన్లను బయటి నుండి ఇచ్చి, ఇదే వరుసలో తవ్వడం, గడ్డి మోయడం, బొచ్చు పీకడం జరిగేలా చూపించారు.

తవ్వడానికి నేల లేని పంజరంలో కూడా చూడి కుందేలు మూలలను గోళ్ళతో గీరుతూనే ఉంటుంది. అది పిచ్చి చేష్ట కాదు, చోటు దొరకని పని. గడ్డి అందించని చోట బొచ్చుతో మాత్రమే పలుచని గూడు కడుతుంది.

పిల్లలు లేకుండానే గూడు కట్టడం కూడా ఉంది. కుందేలులో అండం విడుదల కావడానికి జతకట్టే ప్రేరణ కావాలి. గర్భం నిలవని కలయిక వలన గాని, మందలో ఒక ఆడ కుందేలు మరొక దానిపై ఎక్కడం వలన గాని అండం విడుదలైతే, సుమారు 16 నుండి 18 రోజుల పాటు శరీరం చూడితో ఉన్నట్లే నడుచుకుంటుంది. చివర బొచ్చు పీకి గూడు కూడా సిద్ధం చేస్తుంది. దీనిని అబద్ధపు చూడి అంటారు. మందలో ఇది తరచు కనిపిస్తుంది. పెంపకందారు ఈతకు సిద్ధమై ఎదురు చూస్తే ఏమీ జరగదు.

మూడు నిమిషాల పాలు

ఈత పది, పదిహేను నిమిషాలలో ముగుస్తుంది. తల్లి మాయను తిని, పిల్లలను గూటిలో వదలి బయటకు వస్తుంది. అడవిలో అయితే కలుగు ద్వారాన్ని మట్టితో మూసివేస్తుంది. మరునాడు వచ్చి మట్టి తొలగించి, పాలిచ్చి, మళ్ళీ మూసి వెళుతుంది. ఎక్కువ సేపు అక్కడ తచ్చాడితే దాని వాసన పట్టి నక్క, ముంగిస కుటుంబపు జంతువులు గూడును కనిపెడతాయి. దూరంగా ఉండడమే ఇక్కడ కాపలా.

పెంపుడు కుందేళ్ళలో ఈ పాలిచ్చే అలవాటును జారో, డెనెన్‌బర్గ్, ఆండర్సన్ అనే పరిశోధకులు 1965లో ప్రచురించారు. తల్లి 24 గంటలకు ఒకసారి వస్తుంది. కొన్ని తల్లులు కొన్ని రోజులలో రెండు సార్లు కూడా వస్తాయి. వంగి పిల్లలపై నిలబడుతుందే కాని పడుకోదు, నాకదు, పిల్లలను చనుమొన వైపు నెట్టదు. దారి వెతుక్కోవలసినది పిల్లలే. తల్లి చనుమొనల దగ్గర, పాలలో ఉండే ఒక వాసన వాటిని క్షణాలలో అక్కడికి చేరుస్తుంది. బెన్వా షాల్, సహచరులు 2003లో ఈ ఫెరోమోను 2-మిథైల్‌బ్యుట్-2-ఈనాల్ అనే చిన్న అణువని తేల్చారు.

పిల్లల వంతు పని కూడా ముచ్చటైనది. రాబిన్ హడ్సన్, హన్స్ డిస్టెల్ చేసిన పరిశీలనల ప్రకారం పిల్లలు తల్లి రాక సమయాన్ని ముందే పసిగడతాయి. కొద్ది సేపు ముందు బొచ్చు పొరలో నుండి పైకి వచ్చి సిద్ధంగా ఉంటాయి. తల్లి వెళ్ళగానే అన్నీ ఇంచుమించు ఒకేసారి మూత్రం పోసి, మళ్ళీ బొచ్చులోకి దూరి ఒకదానికొకటి అతుక్కొని పడుకుంటాయి. పాలు తాగే ఆ కొద్ది నిమిషాలలో తమ బరువులో నాలుగవ వంతు వరకు తాగగలవు. ఆవు పాలలో సుమారు 4 శాతం కొవ్వు ఉంటే కుందేలు పాలలో 10 శాతం పైగా ఉంటుంది. పిల్లల బరువు వారం రోజులకే రెట్టింపు అవుతుంది. ఒక్క రోజు పాలు తప్పిన పిల్ల మరునాటి పోటీలో వెనుకబడుతుంది. తల్లి ఆ తేడాను సరిచేయదు.

తల్లి గూటిలో కొన్ని పెంటికలు వదలి వెళుతుంది. సుమారు ఎనిమిదవ రోజు నుండి పిల్లలు వాటిని కొరుకుతాయి. పేగులలో చేరవలసిన సూక్ష్మజీవులు వాటికి ఈ విధంగా కూడా అందుతాయి. గూడు శుభ్రం చేసేవారు మురికి అనుకొని ప్రతి పెంటికను ఏరివేయడం మంచిది కాదు. పదవ, పదకొండవ రోజుకు కళ్ళు తెరుస్తాయి, మూడవ వారంలో గూడు విడిచి తిరగడం మొదలుపెడతాయి, నాలుగు వారాలకు పాలు మానుతాయి.

తల్లి ఈనిన రోజునే మళ్ళీ ఎదకు వస్తుంది. పక్కనే మగ కుందేలు ఉంటే కొద్ది గంటలలో జతకడుతుంది. అప్పుడు ఒక ఈత పిల్లలకు పాలిస్తూనే మరొక చూడి మోయవలసి వస్తుంది.

మందలో తగాదాలు

గూటి లోపల తల్లి తన పిల్లను, పరాయి పిల్లను వేరు చేసి చూడదు. అందువలననే పెంపకందారులు ఎక్కువ పిల్లలున్న తల్లి నుండి కొన్నింటిని అదే వయసు పిల్లలున్న వేరొక తల్లి గూటిలో కలపగలుగుతున్నారు. మనిషి చేయి తగిలితే తల్లి పిల్లలను వదిలేస్తుందనే నమ్మకం పెంపుడు కుందేళ్ళ విషయంలో సరి కాదు. చలికి బయట పడిన పిల్లను వెచ్చచేసి గూటిలో పెట్టవలసినది మనిషే, తల్లి ఆ పని చేయదు.

గూటి విషయంలో మాత్రం రాజీ ఉండదు. జర్మనీలోని బేయ్‌రాయిత్‌లో విశాలమైన ఆవరణలో జరిపిన దీర్ఘకాల పరిశీలనలలో, ఒక ఆడ కుందేలు మరొక దాని కలుగులోకి చొరబడి పసికూనలను చంపడం నమోదైంది. తల్లులు పరాయి ఆడవాటిని తమ కలుగుల దగ్గర నుండి తరిమివేయడం కూడా చూశారు. హైకో రోడెల్, సహచరులు దీనిని 2008లో ప్రచురించారు. మంచి గూటి చోటు కొరకు జరిగే పోటీ ఇందుకు ఒక కారణం. గూడు విడిచి బయట తిరిగే వయసు పిల్లలపైన కూడా పరాయి ఆడ కుందేళ్ళు దాడి చేస్తాయి. ఆ వయసులో వాసన బట్టి తమది ఏదో, కానిది ఏదో పోల్చుకుంటాయి.

కృత్రిమ ఆవరణలో ఈ పోటీ మరింత ముదురుతుంది. అడవిలో ఓడిన కుందేలు దూరంగా పోయి కలుగు తవ్వుకుంటుంది, గోడల మధ్య ఆ దారి మూసుకుపోతుంది. ఖాళీ పెట్టెలు పక్కనే ఉన్నా ఇద్దరు తల్లులు ఒకే పెట్టెను కోరుకోవడం, అందులోనే ఈనడం జరుగుతుంది. ముందు పుట్టిన పిల్లలు ఇద్దరి పాలు తాగి బలుస్తాయి. ఆలస్యంగా పుట్టినవి వాటి కింద నలిగి, పాలందక చనిపోతాయి. తరువాత వచ్చిన తల్లి గూటిని తవ్వి, పాత గడ్డితో పాటు పిల్లలను బయటకు చిమ్మివేయడం కూడా ఉంటుంది. ఇటువంటి మరణాన్ని చూసి తల్లి తన పిల్లలనే చంపుకున్నదని అనుకోవడం పొరపాటు. తొలిచూలు తల్లులలో గూడు సరిగా కట్టకపోవడం, పిల్లలను బయట ఈనడం వంటివి నిజంగానే ఎక్కువ. మలిచూలుకు చాలావరకు సర్దుకుంటాయి.

మందగా పెంచేటప్పుడు

స్విట్జర్లాండుకు చెందిన మార్కుస్ స్టౌఫాకర్ 1992లో ప్రచురించిన వ్యాసంలో కుందేళ్ళను గుంపుగా పెంచడానికి అనువైన ఆవరణలను వివరించాడు. ఐరోపాలో అటు తరువాత ఎక్కువగా ప్రయత్నించిన మార్గం పాక్షిక మంద పద్ధతి. ఇందులో తల్లులను ఈతకు ముందు విడదీసి, పిల్లలు గూడు విడిచే వయసు వచ్చాక మళ్ళీ కలుపుతారు. దీనితో గూటి తగాదా తప్పుతుంది. అయితే మళ్ళీ కలిపినప్పుడు పై స్థానం కోసం కొట్లాట కొత్తగా మొదలవుతుంది, గాయాలు కూడా అవుతాయి. ఈ రెండు కష్టాలలో ఒకటి ఎంచుకోవలసిందే. రెండూ లేని పద్ధతి ఇంతవరకు కుదరలేదనే చెప్పాలి.

విడదీయకుండా పెంచేవారు తల్లుల సంఖ్య కంటే ఎక్కువ గూళ్ళు అమర్చాలి. వాటిని వరుసగా పక్కపక్కన కాక, ఒక దాని ద్వారం మరొక దానికి కనపడకుండా దూరంగా పెట్టాలి. లోపల చీకటిగా, ద్వారం ఒక్క కుందేలు పట్టేంత ఇరుకుగా ఉండాలి. ఈత రోజుకు మగ కుందేలును వేరు చేస్తే తల్లికి వెంటనే చూడి నిలవదు. తల్లులు ఒకే వారంలో ఈనేటట్లు చూసుకుంటే పిల్లలను సర్దడం తేలిక.

తెలుగునాట ఎండలు మరొక చిక్కు తెస్తాయి. కుందేలుకు చెమట ద్వారా చల్లబడే శక్తి లేదు. బొచ్చు దట్టంగా పరచిన పెట్టెలో వేసవి మధ్యాహ్నం పసికూనలు ఉడికిపోయే ప్రమాదం ఉంది. అవి గుంపు విడిపోయి, బొచ్చు మీదికి వచ్చి విడివిడిగా పడి ఉంటే వేడి ఎక్కువైందని గుర్తు. అప్పుడు కొంత బొచ్చు తీసి శుభ్రమైన చోట దాచి, రాత్రి చల్లబడగానే మళ్ళీ పరచాలి. పొట్ట గుండ్రంగా, చర్మం ముడతలు లేకుండా ఉన్న పిల్లకు ఆ రోజు పాలు అందినట్లే. తల్లి పగలంతా గూటి వైపు చూడకపోయినా అటువంటి పిల్లలకు పోతపాలు పట్టవలసిన అవసరం లేదు.