‘పలు’ కాదు, ‘పాలు’

2020 సెప్టెంబరు 1న తెలంగాణలో బడి టీవీలోకి వచ్చింది. కరోనాతో మార్చిలో మూతపడ్డ తరగతులు దూరదర్శన్ యాదగిరిలో, టి-శాట్‌లో పాఠాలుగా మొదలయ్యాయి. అవి మూడో తరగతి నుంచి పైవాళ్లకే. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు, అంటే అక్షరాలు పట్టుబడాల్సిన వయసువాళ్లకు, మిగిలింది ఇల్లొక్కటే. బళ్లు తెరిచి ఏళ్లయింది కానీ అప్పుడు నాటుకున్న ఒక అభిప్రాయం మాత్రం పోలేదు. ఇంట్లో చదువంటే బడిని ఇంట్లోకి తెచ్చుకోవడమేననీ, గోడకు బోర్డు, చేతిలో ఫోను, పక్కన చదువుకున్న మనిషి ఉంటేనే అది సాగుతుందనీ చాలామంది నమ్ముతున్నారు. ఈ మూడూ లేనివాళ్లు ఒకటే మాట అంటారు: ‘మాకే చదువు రాదు, పిల్లలకు మేమేం చెప్తాం?’

ఈ మాట తప్పు. ఈ మాట వల్ల ఎన్నో ఇళ్లలో పిల్లల చదువు మొదలుకాకుండానే ఆగిపోతోంది.

పాలు తోడు పెట్టడం ఎవరూ బడికెళ్లి నేర్చుకోలేదు. గోరువెచ్చటి పాలలో చెంచాడు పెరుగు కలిపి, గిన్నె మీద మూతపెట్టి, కదపకుండా వదిలేస్తారు. మరిగే పాలలో వేస్తే విరిగిపోతాయి, చల్లటి పాలలో వేస్తే తోడుకోవు. తోడు ఎక్కువైతే పులిసిపోతుంది. చలికాలమైతే గిన్నెకు గుడ్డ చుట్టి, ఇంకో రెండు గంటలు ఓపిక పడతారు. ఇంటి చదువు లక్షణాలన్నీ ఇందులోనే ఉన్నాయి. రోజూ కొంచెమే, రోజూ ఒకే వేళకు, కోపం వేడి తగలకుండా. గంటగంటకూ మూత తీసి ‘వచ్చిందా, వచ్చిందా’ అని వేలుపెట్టి చూసే ఇంట్లో పెరుగూ తోడుకోదు, చదువూ తోడుకోదు. పక్కింటి పిల్లకు ఆరు నెలల్లో వచ్చింది ఈ పిల్లాడికి ఏడాది పట్టిందంటే, వీడి గిన్నెకు ఇంకో మడత గుడ్డ చుట్టాలని అర్థం.

అసలు తెలుగు చదవడం నేర్చుకోవడానికి అంత కాలం ఎందుకు పడుతుంది? చాలామంది యాభై ఆరు అక్షరాలు వస్తే అయిపోయిందనుకుంటారు. పిల్లల కళ్లతో చూస్తే లెక్క వేరు. ముప్పై పైచిలుకు హల్లులు, ఒక్కోదానికి పన్నెండుకు తక్కువ కాకుండా గుణింతాలు. ఎంత తక్కువ చూసినా నాలుగు వందల పైమాటే. ఆ పైన ఒత్తులు. త, న, మ, య, ర, ల ఒత్తులైతే అసలు అక్షరాన్ని పోలి ఉండవు, వాటిని విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. ‘పుస్తకం’ అనే మాటనే తీసుకోండి. ‘ప’కు కొమ్ము తగిలించి ‘పు’ అనుకోవాలి. తర్వాత ‘స’ దగ్గర ఆగి, కింద వేలాడుతున్న చిన్న గుర్తు ‘త’ అని పోల్చుకుని, రెంటినీ ఒక్క ఊపిరిలో ‘స్త’ అనాలి. చివర సున్నాను ‘క’కు కలపాలి. ఇంత పనిచేసి ‘కం’ దగ్గరికి వచ్చేసరికి మొదట్లో ‘పు’ అన్న సంగతి మరిచిపోతారు. చిన్న బుర్రలో ఒకేసారి నిలిచేవి కొన్నే కాబట్టి అక్షరం పోల్చుకోవడానికే శక్తంతా ఖర్చయితే అర్థానికి ఏమీ మిగలదు. కన్నడ పిల్లల మీద సొనాలి నాగ్ చేసిన పరిశోధన 2007లో అచ్చయింది. ఇలాంటి లిపిలో అక్షరాలన్నీ పట్టుబడటం మూడు, నాలుగు తరగతుల దాకా సాగుతుందని అది చూపించింది. కన్నడ లిపి, తెలుగు లిపి అక్కాచెల్లెళ్లు. కాబట్టి రెండో తరగతిలో తడబడే పిల్లను ‘మొద్దు’ అనడం అన్యాయం. ఆ పిల్ల దారిలోనే ఉంది. ఆ దారిలో రోజూ గట్టిగా చదివే అవకాశం, వినే మనిషి కావాలి.

వినే మనిషికి చదువు రావాలా? అక్కర్లేదు. రాత్రి అన్నాలయ్యాక ఒక ఇంట్లో జరిగేది చూద్దాం. రెండో తరగతి పిల్లాడు వాచకం తెరిచి అక్షరం మీద వేలుపెట్టి చదువుతున్నాడు. ‘అమ్మ... ప... లు... కాచింది.’ గిన్నెలు తోముతున్న తల్లి తల తిప్పకుండానే, ‘పలు ఏందిరా? మళ్ల చూడు’ అంది. పిల్లాడు మళ్లీ చూశాడు. దీర్ఘం కనబడింది. ‘పాలు!’ ఆ తల్లికి ‘పా’ ఎలా ఉంటుందో తెలియదు. కానీ కాచేవి పాలని తెలుసు, తెలుగు తెలుసు. అక్షరం తప్పితే మాట చెడుతుంది, మాట చెడితే ఆమె చెవికి వెంటనే తెలుస్తుంది. ఆ పుస్తకంలో ఉన్న భాష ఆమెదే. ‘తర్వాత ఏమైంది? ఆమె ఎందుకట్ల చేసింది?’ అని ఒక్క ప్రశ్న వేస్తే, పిల్లాడు చదివినదాన్ని తన మాటల్లో చెప్పాల్సి వస్తుంది. అర్థమైందో లేదో అక్కడే తేలిపోతుంది.

ఇంగ్లీషు పుస్తకం ముందు ఆమె చెవి పనిచేయదు. అందుకే ఒక సౌకర్యాన్ని గుర్తుచేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడి పిల్లలకు రెండు భాషల పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో. చాలా ఇళ్లలో తెలుగు పేజీని చూడనైనా చూడరు. చూస్తే ఇంగ్లీషు రాదని భయం. నిజానికి పాఠం సంగతి తెలుగులో ముందే తెలిసిన పిల్లకు ఎదురు పేజీలో కొత్త మాటలు మాత్రమే అడ్డు. సంగతీ కొత్తదై, మాటలూ కొత్తవైతే రెండు బరువులు ఒకేసారి మొయ్యాలి. ఇంట్లో తెలుగు పేజీ ముందు చదివించండి, ఇంగ్లీషు పేజీ ఆ తర్వాత.

తల్లుల పాత్ర గురించి ఊరికే చెప్పడం కాదు, కొలిచి చూశారు కూడా. బీహార్, రాజస్థాన్ పల్లెల్లో కొందరు తల్లులకు అక్షరాస్యత తరగతులు పెట్టారు, కొందరికి ఇంట్లో పిల్లలతో చేయించే చిన్న చిన్న పనులు నేర్పారు, కొందరికి రెండూ ఇచ్చారు. రుక్మిణీ బెనర్జీ, మరో ఇద్దరు కలిసి 2017లో ప్రచురించిన ఆ ఫలితాల్లో పిల్లల లెక్కలు కొంచెం మెరుగయ్యాయి. కొంచెమే. ఆ సంగతి దాచకూడదు. కానీ తల్లులు పిల్లల చదువులో చెయ్యి పెట్టడం స్పష్టంగా పెరిగింది. తోడు వేసే చెయ్యి ఇంట్లో తయారైందన్నమాట.

లెక్కల దగ్గరికొస్తే తెలుగిళ్లలో ఉన్న సరంజామా తప్ప ఇంకేమీ అక్కర్లేదు. వామనగుంటలు చాలు. పలకలో పద్నాలుగు గుంటలు, గుంటకు ఐదు చింతగింజలు. మొత్తం ఎన్ని కావాలి? పిల్ల పోగులు పెట్టి లెక్కేస్తుంది, డెబ్భై. ఒక గుంటలో గింజలు తీసి ఒక్కోటీ పంచుకుంటూ పోతే చెయ్యి ఎక్కడ ఖాళీ అవుతుందో ముందే ఊహించాలి. ఊహించలేనివాళ్లు ఓడిపోతారు, కాబట్టి నాలుగు రోజుల్లో ఊహించడం వచ్చేస్తుంది. ఆట అయ్యాక మళ్లీ ఐదేసి చొప్పున గుంటలు నింపుకోవాలి. పిల్ల 38 గెలిస్తే తన ఏడు గుంటలూ నిండి మూడు మిగులుతాయి. ఎదురు కూర్చుని ఆడిన నాయనమ్మ 32తో ఆరే నింపి, రెండు చేతిలో పట్టుకుంటుంది. శేషంతో కూడిన భాగహారం అంటే ఇదే.

తెలుగు అంకెల పేర్లు కూడా పిల్లలకు పెద్ద సాయం. పదకొండులో పది వినిపిస్తుంది. పదమూడులోనూ, పద్నాలుగులోనూ పది ముందే నిలబడి ఉంటుంది. ఇరవై ఒకటి అంటే ఇరవై, ఒకటి. ఇంగ్లీషు ‘ఎలెవన్’, ‘ట్వెల్వ్’లలో పది ఎక్కడుందో పిల్లలకు కనబడదు. ‘థర్టీన్’కీ ‘థర్టీ’కీ తేడా చెవికి అందదు. హిందీలో ఇరవై తొమ్మిది ‘ఉన్తీస్’, ముప్పై తొమ్మిది ‘ఉన్తాలీస్’. తెలుగులో లెక్కపెట్టే పిల్ల పదుల స్థానం సంగతి నోటితోనే నేర్చుకుంటోంది. ఆ వరాన్ని చేజేతులా వదులుకోవద్దు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలను గమనించి 2025లో ‘నేచర్’లో రాసింది. కూరగాయల బేరాన్ని నోటితో తప్పులేకుండా తేల్చే పిల్లలు అలాంటి లెక్కనే కాగితం మీద ఇస్తే తడబడ్డారు. బడి లెక్కలు చేసే పిల్లలు బజారు లెక్కలకు తడబడ్డారు. ఒకచోట వచ్చిన లెక్క తనంతట తాను రెండోచోటికి నడిచిపోదు. అందుకే ఆట అయ్యాక సుద్దముక్కతో నేల మీద రాయించాలి: 38, ఐదేసి పోగులు 7, మిగిలినవి 3. చేతిలోని గింజలకూ నేల మీది అంకెలకూ ముడి వేసే ఆ నిమిషమే అసలు పాఠం.

కొన్ని నమ్మకాలను మాత్రం గడప బయటే ఆపాలి. ఎడమచేత్తో రాసే పిల్ల చేతిమీద కొట్టి కుడిచేతికి మార్చడం ఇంకా జరుగుతోంది. ప్రతి పదిమందిలో దాదాపు ఒకరిది ఎడమచేతి వాటం. అది దోషం కాదు, అశుభం కాదు. మార్చబోతే రాతంటేనే బెదురు పుడుతుంది. బాసరలో అక్షరాభ్యాసం చేయించుకోవడం ముచ్చటైన సంగతే. కానీ ముహూర్తం దాకా పిల్లకు పుస్తకం అందనివ్వకపోవడం ఏం న్యాయం? బొమ్మలు చూస్తూ కథలు వినడానికి వర్జ్యం లేదు.

పుస్తకాలకు పెద్ద ఖర్చూ లేదు. సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ వాళ్లు చిన్న ధరకే బొమ్మల కథలు వేస్తున్నారు. ప్రథమ్ బుక్స్ వారి ‘స్టోరీవీవర్’లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. అయితే పుస్తకమో, తరగతో ఉంటేనే సరిపోదు. అమెరికాలో 2007 నుంచి సిలికానాంధ్ర ‘మనబడి’ తెలుగు నేర్పుతోంది. వారానికోసారి జరిగే ఆ తరగతి నిలబడాలన్నా మిగతా రోజుల్లో ఇంట్లో తెలుగు వినబడాల్సిందే.

ఏ పుస్తకమూ లేని రోజున ఇంట్లోకి వచ్చే కాగితాలున్నాయి. పాలకేంద్రంలో ఇచ్చే చీటీ ఒకటి చాలు. పొద్దున మూడున్నర లీటర్లు, సాయంత్రం రెండున్నర. ‘మొత్తం ఎన్ని?’ అంటే తల్లి ఆలోచించకుండా ‘ఆరు’ అంటుంది. కూతురు చీటీ వెనక్కి తిప్పి, 3.5 కింద 2.5 రాసి, గీత గీసి కూడుతుంది. చుక్క ఎక్కడ పెట్టాలో కాస్త తటపటాయిస్తుంది. తల్లి చెప్పిన ఆరే కింద రావాలని తెలుసు కాబట్టి, రాకపోతే మళ్లీ చేస్తుంది.