పొరుగుతనపు పాఠము: ష్లెస్విగ్ సీమ కథ

రాజ్యముల నడుమ ఎల్లలు గీయుట సులభము. మనుష్యుల నడుమ గీయుట దుర్ఘటము. ఏ గీతను ఎంత జాగ్రత్తతో గీసినను కొన్ని ఇండ్లు తమది కాని వైపున మిగిలిపోవును. అట్లు మిగిలిన వారు అల్పసంఖ్యాకు లగుదురు. వారి ముందు మూడు దారులుండును: ఊరు విడిచి పోవుట; తమ భాషను విడిచి పదిమందిలో కలిసిపోవుట; తాము తాముగానే యుండి పొరుగువారితో పొత్తుగా బ్రతుకుట. ఈ మూడవ దారి అన్నిటికంటె కష్టమైనది. డెన్మార్కు, జర్మనీ దేశముల నడుమనున్న ష్లెస్విగ్ సీమవారు నూరేండ్ల వైరము ననుభవించిన పిమ్మట ఆ దారిని పట్టిరి. అది యెట్లు సాధ్యమయ్యెనో బడిపంతుళ్లును విద్యార్థులును తెలిసికొనదగియున్నది; ఏలయన ఆ కథలో ఫిరంగులకంటె బడులకే ప్రాధాన్య మెక్కువ.

ఉత్తర సముద్రమునకును బాల్టిక్ సముద్రమునకును నడుమ మెడవలె సన్నగిలిన నేల ష్లెస్విగ్. దాని దక్షిణపు టెల్ల ఐడర్ నది. డెన్మార్కు రాజే శతాబ్దములపాటు ఆ సీమకు ప్రభువుగా నుండెను. ఉత్తరపు పల్లెలలో డేనిషు, దక్షిణమున జర్మను, పడమటి తీరమున ఫ్రీసియను భాషలు వాడుకలో నుండెను. నడిమి ఊళ్లలో ఒక్క మనిషియే ఇంట ఒక భాషయు, సంతలో వేరొక భాషయు మాటాడుచుండెను. నీది ఏ జాతి యని యడిగినచో పూర్వకాలపు రైతు తెల్లబోయి యుండును. తాను ఫలానా ఊరివాడననియు, రాజుగారికి పన్ను కట్టువాడననియు మాత్రమే అతనికి తెలియును.

పందొమ్మిదవ శతాబ్దమున జాతీయభావము ప్రబలినంతనే ఈ అమాయకత్వము చెల్లిపోయెను. భాష జెండాగా మారెను. 1848లో అంతర్యుద్ధము చెలరేగెను. 1850 జూలై 25వ తేదీన ఈస్టెడ్ కడ డేనులు గెలిచిరి. గెలిచినవారు 1851లో నడిమి ష్లెస్విగ్ బడులలో డేనిషును బోధనభాషగా విధించిరి. జర్మను మాటాడు తల్లిదండ్రులకు ఇది పుండుమీద కారము చల్లినట్లయ్యెను. పిదప చక్రము తిరిగెను. 1864 ఏప్రిల్ 18వ తేదీన డ్యుబ్బెల్ కోటగోడలకడ ప్రష్యా సేనలు డేనులను ఓడించెను. ఆ యేడు అక్టోబరున వియన్నాలో జరిగిన సంధిలో డెన్మార్కు ఆ సీమను వదలుకొనెను. 1867లో ప్రష్యా దానిని తనలో కలుపుకొనెను.

1866 నాటి ప్రేగ్ సంధిలో, ఉత్తర ష్లెస్విగ్ ప్రజలు కోరినచో వారిని డెన్మార్కునకు మరల అప్పగింతుమని ఒక వాగ్దానము ఉండెను. 1878లో ఆ నిబంధన రద్దయ్యెను. 1888లో మతబోధ తప్ప బడులలోని తక్కిన బోధన యంతయు జర్మనులోనే జరుగవలెనని శాసనము పుట్టెను. నాడు డేనులు చేసిన పనినే నేడు జర్మనులు మరింత గట్టిగా చేసిరి. డేనిషు కుటుంబములవారు ఇంటిలోనే పిల్లలకు తమ అక్షరములు దిద్దించిరి. సంఘములు పెట్టి పుస్తకములు పంచిరి. యౌవనమున నున్న వారిని ఎల్ల దాటించి డెన్మార్కు విద్యాలయములకు పంపిరి. వేలకొలది మంది దేశము విడిచిపోయిరి. 1914లో మహాయుద్ధము వచ్చినపుడు ఆ సీమ యువకులు తాము తమది యనుకొనని చక్రవర్తి కొరకు పోరాడవలసి వచ్చెను. వారిలో ఐదువేలకు పైగా మరలి రాలేదు.

యుద్ధానంతరమున వెర్సేల్స్ సంధి ననుసరించి ప్రజాభిప్రాయ సేకరణ జరిగెను. 1920 ఫిబ్రవరి 10వ తేదీన ఉత్తర మండలమున 75,431 మంది డెన్మార్కునకును, 25,329 మంది జర్మనీకిని ఓటు వేసిరి. మార్చి 14వ తేదీన దక్షిణపు మండలమున జర్మనీకి 51,724 ఓట్లును డెన్మార్కునకు 12,800 ఓట్లును వచ్చెను. నేటి సరిహద్దు ఆ లెక్కలనుండి పుట్టినదే. న్యాయమైన ఎల్లయే యని చెప్పవచ్చును. అయినను ఆ అంకెలను మరల చూడుడు. ఉత్తరమున ఓడిన ఇరువదియైదు వేలమందియు, దక్షిణమున ఓడిన పండ్రెండు వేలకు పైబడిన వారును ఎక్కడికి పోవుదురు? టోండర్, ఓబెన్రో, సోండర్‌బోర్గ్ పట్టణములలో జర్మనీకే ఎక్కువ ఓట్లు పడినను, మండల మంతయు ఒకటిగా లెక్కింపబడుటచే అవి డెన్మార్కులో చేరెను. దక్షిణమున ఫ్లెన్స్‌బుర్గ్ నగరములోని డేనులు జర్మనీలో నిలిచిపోయిరి. ఒక్క గీత రెండు అల్పసంఖ్యాక వర్గములను సృష్టించెను.

పిమ్మటి పాతికయేండ్లు మంచివి కావు. ఉత్తరపు జర్మనులు సరిహద్దును మరల గీయవలెనని పట్టుపట్టిరి. హిట్లరు కాలమున వారి సంఘములు నాజీల వశమయ్యెను. 1940 ఏప్రిల్ 9వ తేదీన జర్మను సేనలు డెన్మార్కును ఆక్రమించెను. ఆ వర్గములోని యువకులు పలువురు జర్మను సేనలలో చేరిరి. 1945లో విముక్తి కలుగగానే డేనిషు ప్రభుత్వము వేలమంది జర్మను వర్గీయులను నిర్బంధించి విచారించి శిక్షించెను. వారి బడులు మూతపడెను. ఆ యేటనే వారు క్రొత్త సంఘమును స్థాపించి, 1920 నాటి సరిహద్దును అంగీకరించుచున్నామనియు, డెన్మార్కు రాజ్యమునకు విధేయులమై యుందుమనియు ప్రకటించిరి. పొరుగుతనమునకు మొదటి మెట్టు అదియే: పోయిన దానిని ఇక కోరమని చెప్పుట.

దక్షిణమున వేరొక చిత్రము జరిగెను. ఓడిన జర్మనీలో ఆకలి తాండవించుచుండగా, తూర్పు ప్రాంతములనుండి పదిలక్షలకు పైగా కాందిశీకులు ఆ రాష్ట్రమునకు వచ్చిరి. అపుడు అనేకులు తాము డేనులమని చెప్పుకొనజొచ్చిరి. 1947 ఎన్నికలలో డేనిషు పక్షమునకు సుమారు లక్ష ఓట్లు వచ్చెను. డెన్మార్కునుండి వచ్చు ఆహారపు పొట్లముల కొరకే వీరు మారిరని జర్మను పొరుగువారు ‘పందికొవ్వు డేనులు’ అని యెగతాళి చేసిరి. ఇచట ఒక చిక్కు ప్రశ్న తలయెత్తెను: నిజమైన డేను ఎవడు? ఇంట జర్మను మాటాడుచు, బిడ్డను డేనిషు బడికి పంపువాడు ఏ జాతివాడు? దానిని తేల్చు అధికారము ఎవరిది? డెన్మార్కు ప్రభుత్వము ఈ అదను చూచి సరిహద్దును దక్షిణమునకు జరుపుమని కోరలేదు. 1949 సెప్టెంబరు 26వ తేదీన కీల్ నగరములోని రాష్ట్ర శాసనసభ డేనిషు వర్గమువారి హక్కులను గూర్చి ఒక ప్రకటన చేసెను.

కాని ప్రకటనయు ఆచరణయు ఒకటి కావు. 1954 రాష్ట్ర ఎన్నికలలో డేనిషు వర్గపు పక్షమునకు సుమారు 42 వేల ఓట్లు వచ్చినను ఒక్క స్థానమైనను దక్కలేదు. మొత్తము ఓట్లలో నూటికి ఐదు పాళ్లు రాని పక్షమునకు సభలో చోటు లేదను నియమమే దానికి కారణము. సంఖ్యాబలమే కొలబద్ద యైనచో చిన్నవర్గము ఎన్నటికిని గెలువజాలదు. ఆ సమయముననే పశ్చిమ జర్మనీని నాటో కూటమిలో చేర్చుకొను చర్చ జరుగుచుండెను. అందు డెన్మార్కు సభ్యదేశము. 1954 అక్టోబరున పారిస్ సమావేశమున డెన్మార్కు ప్రతినిధి హెచ్. సి. హాన్సెన్ ఈ సమస్యను ప్రస్తావించెను. మిత్రులము కాబోవు వారము, మా వారికి న్యాయము జరుగవలదా యని యాతని ప్రశ్నలోని సారము.

ఫలితముగా 1955 మార్చి 29వ తేదీన బాన్ నగరమున జర్మను ప్రధాని అడెనార్, అప్పటికి డెన్మార్కు ప్రధాని యైన హాన్సెన్ రెండు ప్రకటనలు వెలువరించిరి. ఇది సంధి కాదు. జర్మనీ తన దేశములోని డేనులను గూర్చియు, డెన్మార్కు తన దేశములోని జర్మనులను గూర్చియు, ఎవరికి వారు ఇచ్చిన మాట. ఒకరి యింటి వ్యవహారములో వేరొకరికి పెత్తనము లేకుండ, ఇద్దరును ఒకే నాడు ఒకే తీరున మాట యిచ్చిరి. రాష్ట్ర శాసనసభ డేనిషు పక్షమును ఐదు పాళ్ల నియమమునుండి మినహాయించెను. డెన్మార్కులోని జర్మను బడులకు పరీక్షలు నిర్వహించు హక్కు లభించెను. 1959లో ఓబెన్రోలో జర్మను ఉన్నత విద్యాలయము వెలసెను.

ఆ ప్రకటనల కీలకము ఒక్కటి కలదు. తాను డేనునని గాని జర్మనునని గాని చెప్పుకొనుట మనిషి స్వేచ్ఛ; దానిని ప్రభుత్వము కాదనరాదు, పరీక్షింపరాదు. పూర్వము అధికారులు ఇంటిపేరు చూచిరి, మాటతీరు చూచిరి, తాత పుట్టినచోటు చూచిరి. ఇక మీదట ఏదియు చూడనక్కరలేదు. ఒకే ఇంట అన్న జర్మనుగా, తమ్ముడు డేనుగా ఉన్నను అడుగువారు లేరు. రక్తము నడిగినచో కలహము తీరదు. మనసు నడిగినచో ఆ మనిషి చెప్పిన సమాధానమే తుది సమాధానము. 1947 నాటి చిక్కు ప్రశ్నకు ఇట్లు పరిష్కారము దొరకెను.

నేడు సరిహద్దుకు దక్షిణమున సుమారు 50 వేలమంది డేనిషు వర్గమువారును, ఉత్తరమున సుమారు 15 వేలమంది జర్మను వర్గమువారును కలరు. దక్షిణమున 40కి పైగా డేనిషు బడులలో ఐదువేలకు పైబడిన పిల్లలు చదువుచున్నారు. వారిలో అనేకులు ఇంట జర్మనే మాటాడుదురు. 1869లో పుట్టిన ఫ్లెన్స్‌బోర్ అవీస్ పత్రిక నేటికిని వెలువడుచున్నది. డేనిషు, ఫ్రీసియను వర్గముల ఉమ్మడి పక్షము 2012 నుండి 2017 వరకు రాష్ట్ర ప్రభుత్వమున భాగస్వామిగా నుండెను. 2021లో ఆ పక్షమునుండి స్టెఫాన్ సైడ్లర్ జర్మను పార్లమెంటునకు ఎన్నికయ్యెను; 1953 తరువాత ఆ పక్షమునకు అట్టి స్థానము దక్కుట అదియే మొదలు. ఉత్తరమున, 1920లో జర్మనీకి ఓటు వేసిన టోండర్ పట్టణము కేంద్రముగా గల పురపాలికకు 2022లో జర్మను వర్గపు పక్షమునకు చెందిన యోర్గెన్ పాప్ పీటర్సన్ మేయ రయ్యెను. ఆయనను ఆ పదవిలో కూర్చుండబెట్టుటకు డేనిషు పక్షముల మద్దతు కావలసి యుండెను, అది లభించెను.

అంతమాత్రమున అంతయు సుఖాంతమని తలపరాదు. 2010లో రాష్ట్ర ప్రభుత్వము పొదుపు పేరిట డేనిషు బడుల గ్రాంటులో కోత విధించి, జర్మను బడి పిల్లవానికిచ్చు మొత్తములో నూటికి 85 పాళ్లు మాత్రమే డేనిషు బడి పిల్లవానికి చాలునని నిర్ణయించెను. తల్లిదండ్రులు వీథులకెక్కిరి. ప్రభుత్వము మారిన పిమ్మటనే సమానత మరల వచ్చెను. ఉత్తరమున 2015లో హాడర్స్లెవ్ పట్టణపు నామఫలకముపై డేనిషు పేరుతోపాటు జర్మను పేరు వ్రాయగా నిరసన చెలరేగెను. ఆ ఫలకము కొలది దినములైనను నిలువలేదు. ఇచ్చిన మాటను ప్రతి తరమును మరల నిలుపుకొనవలసియే యున్నది.

ఈస్టెడ్ విజయమునకు గుర్తుగా డేనులు 1862లో ఫ్లెన్స్‌బుర్గ్ శ్మశానవాటికలో కంచు సింహము నొకదానిని నిలిపిరి. రెండేండ్లకే అది పడద్రోయబడి, పిదప బెర్లిన్ చేరెను. 1945లో కోపెన్‌హాగెన్ చేరెను. ఫ్లెన్స్‌బుర్గ్ నగరమువారే కోరగా 2011లో అది తన మొదటి చోటికి మరలివచ్చెను. ఒకనాడు గెలుపును చాటిన విగ్రహము నేడు డేనులకును జర్మనులకును గల స్నేహవిశ్వాసములకు గుర్తుగా నిలిచియున్నది. సింహము మారలేదు, చూచువారి చూపు మారినది.

ఈ సీమ పద్ధతి యెల్లెడల చెల్లునా యని యడుగవచ్చును. ఇచట రెండు రాజ్యములలోను రెండవవారి బంధువులు గలరు. కావున ఒకరి మేలు రెండవవారి మేలుతో ముడిపడి యుండెను. వెనుక రాజ్యము లేని వర్గములకు ఈ అండ లేదు. ఆ రాష్ట్రముననే సింతీ, రోమా ప్రజలకు రాజ్యాంగమున రక్షణ లభించుటకు 2012 వరకు ఆగవలసి వచ్చెను. అయినను ష్లెస్విగ్ కథలో ఎల్లరును గ్రహింపదగినది యొకటి కలదు. 1851లోను 1888లోను బడిని ఆయుధముగా వాడినవారు ఆ భాషను చంపలేకపోయిరి. పగను మాత్రము పెంచిరి. అదే బడి తలుపులు తెరిచి, వచ్చు బిడ్డను నీవెవరని యడుగుట మానిన పిమ్మట, అరువదియేండ్లకు పైబడి ఆ సీమలో ఎల్ల కొరకు ఎవరును కత్తి దూయలేదు. నేడు ఫ్లెన్స్‌బుర్గ్‌లోని డేనిషు బడికి పోవు బాలుడు ఉదయము డేనిషులో లెక్కలు నేర్చి, సాయంకాలము వీథిలో జర్మనులో ఆడుకొనుచున్నాడు. అతనికి ఇందు వింత యేమియు లేదు. అతని ముత్తాతలకు అది కలలోనైన తోచనిది.