మీకు తెలుసా? కల్లు మైకము, కొన్ని అపోహలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో కల్లు ఒంటికి చలువయనియు, చెట్టునుండి దిగినది గనుక హాని చేయదనియు నమ్మువారు పెక్కుమంది కలరు. అప్పుడే దింపిన నీరాలో మద్యసారము దాదాపు లేకుండుట నిజమే గాని, ఈస్టు దానిలోని చక్కెరను గంటలలోనే పులియబెట్టి, నూటికి నాలుగైదు పాళ్ల మద్యసారము గల పానీయముగా మార్చును.

మరునాటి తలనొప్పికి మరియొక సీసా మందనుట పొరపాటు; అది బాధను వాయిదా వేయును, అంతే. మజ్జిగ దాహము తీర్చును గాని మత్తును దింపదు. ఆ పని కాలేయముది. గంటకు సుమారు 7 నుండి 10 గ్రాముల మద్యసారమును మాత్రమే అది హరింపగలదు గావున, 650 మిల్లీలీటర్ల సీసాకు దాదాపు మూడు గంటలు పట్టును.

ఇంతకంటె ఘోరమైనది కల్తీ. 2016 వరకు ఈ మూడు ప్రాంతములును చేరియుండిన పాత మహబూబ్‌నగర్ జిల్లాలో కల్లునందు క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ వంటి మత్తుమందులు కలుపుట ఎరిగినదే. 2015 సెప్టెంబరులో దాడులవలన ఆ సరకు తగ్గగా, అలవాటుపడిన వారు వణుకుతో, మూర్ఛలతో, మతిభ్రమణముతో ఆసుపత్రులలో చేరిరి. శరీరమునకు అలవడిన మత్తుమందు హఠాత్తుగా అందకపోవుటయే దానికి కారణము. అట్టివారికి ఇంటివారు జాలిపడి మరల కల్లు పోయరాదు. వైద్యుని పర్యవేక్షణలో క్రమముగా మాన్పింపవలెను.