మంచం కింద రైలుమార్గం

యాభై దాటిన మాస్టారికి బొమ్మరైలేమిటని నవ్వుకుంటున్నారా? చిన్ననాటి కోరిక ఇప్పటికి తీరింది. మాది ఒకే గది. కనుక 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గల చెక్కమీద పట్టాలు బిగించి, ఆట కాగానే మంచం కిందికి తోసేస్తుంటాను.

అసలు రైలును 160వ వంతుకు కుదిస్తే ‘ఎన్’ స్కేలు నమూనా అవుతుంది. దాని పట్టాల మధ్య ఎడం 9 మిల్లీమీటర్లే. అయినా చోటు చాలదు. చోటంతా మింగేది వంపు! మన బ్రాడ్‌గేజి వంపుల వ్యాసార్ధం 175 మీటర్లకు తగ్గకూడదు. దానిని 160తో భాగించి చూడండి: సుమారు 109 సెంటీమీటర్లు. వలయానికి 7 అడుగుల వెడల్పు కావాలన్నమాట. నా చెక్కమీద పట్టే వ్యాసార్ధం 25 సెంటీమీటర్లు.

వంపులో బయటి పట్టా లోపలిదానికంటె పొడవు. పూర్తి వలయానికి ఆ తేడా 2π×9, అనగా సుమారు 57 మిల్లీమీటర్లు. వింతేమంటే, వలయం ఎంత పెద్దదైనా తేడా అంతే! కాని పెద్ద వలయంలో అది 7 మీటర్ల దారిలో సర్దుకుంటుంది. నా వలయంలో ఒకటిన్నర మీటర్లలోనే. ఒకే ఇరుసుకు బిగించిన రెండు చక్రాలూ కలిసే తిరగాలి గనుక, ఏదో ఒకటి జారక తప్పదు. రాపిడి పెరిగి ఇంజనుకు బరువెక్కుతుంది.

మొదటిరోజు ఆశకొద్దీ 8 పెట్టెలు తగిలించాను. వంపులో నడిమి పెట్టెలు లోపలికి ఒరిగి పడ్డాయి. చత్వారపు కళ్లజోడు చాలక, భూతద్దం పట్టుకుని ఒక్కొక్క చక్రాన్నే పట్టాలెక్కించాను. ఇప్పుడు నా రైలుకు 3 పెట్టెలే.